నూట నలభై రెండు దిండ్లు

రాయగడ,
9 జూలై 1968.

ప్రియమైన పెద్దమ్మకు,

దేవకుమారి వందనాలు. రాయగడ వచ్చి వారం అయింది. సర్కారు ఆసుపత్రిలో నాకు ఒక గది, ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు ఇచ్చారు. మైక్రోస్కోపు నాకంటే వయసులో పెద్దదే గానీ చూపు మందగించలేదు. విశాఖపట్నంలో మా ప్రొఫెసరు గారు ఎట్టకేలకు ఒప్పుకున్నారు. ఉబ్బసం మీద పని చెయ్యి, వ్యాసం నిలబడేలా ఉంటే డాక్టర్ల సభలో నీచేతే చదివిస్తాను అన్నారు. నీ వార్డులో మూల మంచం మీద కూర్చుని తన ఊపిరి తానే లెక్కపెట్టుకున్న పిల్ల ఇక మీదట ఊళ్లో వాళ్ల ఊపిరి లెక్కపెడుతుంది. నువ్వు గర్వపడాలనే ఇదంతా రాస్తున్నాను, కాబట్టి దయచేసి గర్వపడు.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. విశాఖపట్నం నుంచి వస్తుంటే పార్వతీపురంలో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద నువ్వు కుట్టిచ్చిన దిండు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. బండి కదిలేసరికి పెట్టె పట్టుకుని పరుగెత్తాను. దిండు బెంచీ మీదే ఉండిపోయింది. ఇప్పుడు కొట్పాడ్ నేత దుప్పటి మడతపెట్టి తల కింద పెట్టుకుంటున్నాను. తిట్టదలచుకుంటే ఒక్క ఉత్తరంలోనే తిట్టెయ్యి.

నాకు రెండు సాయాలు కావాలి. మీ ఆసుపత్రిలో ఆయాసంతో చేరినవాళ్ల వివరాలు నీ రిజిస్టరులోంచి నకలు రాసి పంపు. దీనితో పంపే గాజు పలకలకి వాజిలైన్ రాసి రోజుకొకటి చొప్పున డాబా మీద పెట్టు. కోరాపుట్ గాలిలో ఏ పుప్పొడి ఎగురుతోందో చూడాలి. అక్కడ ఉబ్బసం ఇంత ఎక్కువ ఎందుకో గాలే చెప్పాలని నా అనుమానం.

ఇక్కడి ఎండ నాకు పడింది కాబోలు, వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు.

నీ
దేవకుమారి.


కోరాపుట్,
16 జూలై 1968.

అమ్మీ,

దీవెనలు. నీ ఉత్తరం వార్డులో చదివి వినిపించాను, దిండు పోగొట్టిన పేరా తప్ప. అది చదివితే నా పరువు పోతుంది.

నువ్వు పోగొట్టింది ఏ దిండో తెలుసా? మూలన ఎర్రదారంతో కుట్టిన నంబరు ఎప్పుడైనా చూశావా? ఒకటి. 1946. మీ అమ్మ పోయాక నిన్ను నా దగ్గరికి తెచ్చుకున్న ఏడాది. నీకు నాలుగేళ్లు. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చోబెడితే జారిపోతావు. ఆసుపత్రి వెనక బూరుగు చెట్టు దూది ఏరి, శుభ్రం చేసి నేనే కుట్టాను. అది చూసి పక్క మంచం ముసలమ్మ నాకూ కావాలంది. అలా మొదలై ఇవాళ్టికి నూట ముప్పై అయిదు అయ్యాయి. ఆయాసం మనిషి వస్తే వీపు వెనక మూడు దిండ్లు, ఇంటికి వెళ్లేటప్పుడు చేతికి ఒకటి. ఏ నంబరు ఎవరికిచ్చానో, ఏ ఊరో, నా పుస్తకంలో ఉంది. ఇరవై రెండేళ్లలో ఒక్కటీ పోలేదు, నువ్వు డాక్టరువయ్యేదాకా.

తిట్టడం అయింది. నూట ముప్పై ఆరో దిండు బస్సు డ్రైవరు జోగయ్య చేతికిచ్చి పంపుతాను. నకళ్లు మొదలుపెట్టాను. పలకలు రేపే డాబా ఎక్కుతాయి. డాక్టరు దేవకుమారి అడిగిందంటే మా సూపరింటెండెంటు దేవప్రసాద్ గారు నిచ్చెన కూడా ఇప్పించారు.

గర్వపడమని నువ్వు చెప్పనక్కర్లేదు. ఆ పని నువ్వు పుట్టక ముందే మొదలుపెట్టాను.

పెద్దమ్మ
విజయరత్నం.


రాయగడ,
28 ఆగస్టు 1968.

ప్రియమైన పెద్దమ్మకు,

నీ గాజు పలకలు అందాయి. ముప్పైకి ముప్పై మిలమిలా మెరుస్తున్నాయి. పెద్దమ్మా, వాటికి వాజిలైన్ రాసేది దుమ్ము అంటుకోవాలనే. నువ్వు ఆ దుమ్మంతా తుడిచి, వేడినీళ్లలో మరిగించి, దూదిలో చుట్టి పంపావు. కోరాపుట్ గాలిలో ఏమీ లేదని, అది పరలోకపు గాలి అని ప్రొఫెసరు గారికి రాయనా? నవ్వీ నవ్వీ నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఈసారి దుమ్ముతోనే పంపు, మురికిగా ఉన్నా సరే.

దిండు అందింది. మెత్తగా ఉంది. పడుకోగానే నీ వార్డు వాసన వచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. నిన్న రామనగుడ నుంచి జగదాంబ అనే ఆవిడ ఆయాసంతో వచ్చింది. ఇక్కడ ఎవరి పక్కబట్టలు వాళ్లే తెచ్చుకుంటారు. ఆవిడ మంచం మీద దిండు పరిచింది. మూలన ఎర్రదారంతో డెబ్బై ఒకటి. నేను స్టెతస్కోపు పక్కన పెట్టి ఆ దిండు పట్టుకున్నాను. ఇది మా పెద్దమ్మ కుట్టింది అంటే ఆవిడ నమ్మలేదు. "ఆ సిస్టరమ్మ మీకు పెద్దమ్మా? మరి సెప్పరేటి, మా యింట్లో దేవుడి పటం పక్కన పెడతాం ఈ దిండుని" అంది. ఈ రెండు నెలల్లో నా దగ్గరికి వచ్చిన ఉబ్బసం వాళ్లు పదకొండు మంది. అందులో తొమ్మిదిమంది దగ్గర నీ దిండు ఉంది. ఇంత దూరం మన ఇంటి వస్తువులు నడిచి వచ్చినట్టు ఉంది నాకు.

నీ
దేవకుమారి.


కోరాపుట్,
10 సెప్టెంబరు 1968.

అమ్మీ,

నవ్వు, బాగా నవ్వు. డాక్టరు చేతికి మురికి గాజు ఇవ్వడం నాకు ఎవరూ నేర్పలేదు. మా పాత మేట్రనమ్మ బతికి ఉంటే నీ పరిశోధనకే సబ్బు పెట్టేది. ఇక మీదట దుమ్ముతోనే వస్తాయి, కళ్లు మూసుకుని పంపుతాను.

జగదాంబ సంగతి నాలుగుసార్లు చదివాను. డెబ్బై ఒకటి నాకు జ్ఞాపకమే, 1957 వానలప్పటిది. ఆ తొమ్మిదిమందివీ నంబర్లు రాసి పంపు, ఎలా ఉన్నారో రాయి. వచ్చే ఏడు నవంబరుకి నా సర్వీసుకి పాతికేళ్లు నిండుతాయి. జూబిలీ చేస్తామని దేవప్రసాద్ గారు ఇప్పటినుంచే అంటున్నారు. ఆ రోజుకి యాభై కొత్త దిండ్లు కుట్టించి కాశీపూర్ దాకా అన్ని మందుల కేంద్రాలకీ నా పేరు మీద పంచుతారట. నేను వద్దనలేదు. నాకు పిల్లలు లేరు, నువ్వు తప్ప. ఇక నా పేరు చెప్పేవి ఆ దిండ్లే కదా.

పెద్దమ్మ.


రాయగడ,
2 డిసెంబరు 1968.

ప్రియమైన పెద్దమ్మకు,

ఆలస్యానికి క్షమించు. పని ఎక్కువగా ఉంది. పలకలు చూశాను, పుప్పొడి అనుకున్నంత లేదు.

వార్డులో అన్నిటికంటే పాత దిండ్లు రెండు విప్పి, లోపలి దుమ్ము ఒక చెంచాడు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి పంపగలవా? ఒక పరీక్ష ఉంది. తొందర లేదు.

నువ్వు చలిలో తిరగకు.

నీ
దేవకుమారి.


కోరాపుట్,
15 డిసెంబరు 1968.

అమ్మీ,

డబ్బాలు పంపుతున్నాను. పదిహేడు, ఇరవై మూడు నంబర్ల దిండ్లవి.

నీ ఉత్తరం ఎనిమిది వరుసలు. ప్రతి వరుసా కుడివైపు కిందికి జారింది. ఆయాసంలో రాసిన చెయ్యి నేను గుర్తుపట్టలేననుకున్నావా? జోగయ్యని నిలబెట్టి అడిగాను. "డాక్టరమ్మకి సెప్టెంబరు కాడ్నుంచి మల్లీ వచ్చీసిందమ్మా. కిటికీ కాడ కూకుని మాటాడనేకపోతంది. మీకు సెప్పొద్దన్నారు, అందుకే సెప్తన్నాను" అన్నాడు.

నూట ముప్పై ఏడు, నూట ముప్పై ఎనిమిది అతని చేతికే ఇచ్చాను. మూడు దిండ్లూ వీపు వెనక పెట్టుకుని నిటారుగా కూర్చో. ఎఫిడ్రిన్ మాత్ర మానకు.

తొమ్మిదిమంది నంబర్లు అడిగాను, రాయలేదు. దిండ్ల సంగతే లేదు ఉత్తరంలో. ఏటి దాస్తున్నావు?

పెద్దమ్మ.


రాయగడ,
20 ఫిబ్రవరి 1969.

ప్రియమైన పెద్దమ్మకు,

దాచడానికి ఏమీ లేదు. ఒంట్లో బాగానే ఉంది. దిండ్లు అందాయి, చాలా సంతోషం. ఇంకో రెండు పాత దిండ్ల దుమ్ము పంపితే మంచిది. ఆ తర్వాత అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే ఉబ్బసం సంగతి వదిలేద్దామనుకుంటున్నాను. నా దగ్గర ఉన్న ఆధారం చాలదని ప్రొఫెసరు గారు అన్నారు. చాలినంత కావాలంటే నేను చెయ్యలేని పని ఒకటి చెయ్యాలి. నులిపురుగుల మీద రాస్తే సులువు. ఈ ఊళ్లో వాటికి లోటు లేదు.

జూబిలీకి నాకు సెలవు దొరకకపోవచ్చు. ముందే చెబుతున్నాను.

నీ
దేవకుమారి.


కోరాపుట్,
5 అక్టోబరు 1969.

దేవకుమారీ,

అమ్మీ అని రాయలేదు, గమనించు. ఎందుకో చివర చెబుతాను.

ఈ ఎనిమిది నెలలూ నీకు వానా చలీ తప్ప వేరే ఏమీ రాయలేదు. నువ్వూ అంతే. ఇప్పుడు కూర్చుని చదువు.

నువ్వు రెండుసార్లు దుమ్ము అడిగావు. దుప్పట్లది కాదు, పరుపులది కాదు, డాబా మీదిది కాదు. రెండుసార్లూ పాత దిండ్లదే. ముందు దిండ్ల గురించి పేజీలు రాసిన పిల్ల తర్వాత ఆ మాటే ఎత్తలేదు. చెయ్యలేని పని ఒకటి ఉందంది. పుట్టినప్పటినుంచి పట్టుకున్న ఉబ్బసాన్ని వదిలి నులిపురుగులంది. నాకు డిగ్రీ లేదు గానీ బుర్ర ఉంది.

జూన్ ఒకటి నుంచి మొదలుపెట్టాను. మా వార్డులో పన్నెండు మంచాలు. వడ్రంగి సన్యాసయ్యతో ఆరు వాలుబల్లలు చేయించాను, వీపు ఆన్చుకోడానికి. వాటి మీద మరిగించి ఆరేసిన దుప్పటి. సరిసంఖ్య మంచాలకి వాలుబల్ల, బేసి మంచాలకి ఎప్పటిలా మూడు దిండ్లు. వచ్చినవాళ్లని వచ్చిన వరసలో ఖాళీ మంచం మీద వేశాను, ముఖం చూసి వెయ్యలేదు. ఆయాసం ముదిరి ఎవరికి ఎన్ని ఎడ్రినలిన్ సూదులు పడ్డాయో రాశాను. రెండు నెలలకి దిండ్ల మంచాలవి అరవై ఒకటి, బల్లల మంచాలవి ఇరవై రెండు.

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. సరిసంఖ్య మంచాలు కిటికీ వైపువి. మంచిగాలి వల్లేమో, నా దిండ్ల తప్పేమీ లేదేమో అని ఆశపడ్డాను. ఆగస్టులో అటువి ఇటు మార్చాను. రెండు వారాలయ్యేసరికి ఆయాసం కూడా దిండ్ల వెంటే కిటికీ వైపు వచ్చింది. ఇక ఆపేశాను. ఆ రెండు వారాలు అటు పక్క ఆయాసపడ్డ ఆరుగురికీ జరిగింది చెప్పి క్షమించమని అడిగాను.

అవును, నా దిండ్లే. నేను గట్టిగా నమ్మి వీపు వెనక పెట్టినవే. నీ ఆరో ఏట వానాకాలంలో మూడు చాలడం లేదని నాలుగోది తెచ్చి పెట్టాను. అది గుర్తొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు. అంతకంటే ఆ సంగతి గురించి రాయలేను.

ఇక కోపం సంగతి. నువ్వు కనిపెట్టావని కోపం లేదు. నాకు చెప్పకూడదని అనుకున్నావు చూడు, దానికి. ముసలిది, తట్టుకోలేదు, పాతికేళ్ల పేరు, జూబిలీ అనుకున్నావు. నన్ను రోగిని చూసినట్టు చూశావు. నేను నర్సుని. ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో చూడటానికే పాతికేళ్లు ఆ వార్డులో నిలబడ్డాను. నా పేరు కోసం జగదాంబ ఇంకో వానాకాలం ఆయాసపడాలా?

లెక్కల పుస్తకం జోగయ్య చేతికిచ్చి పంపుతున్నాను. నులిపురుగులు ఎవరైనా రాసుకుంటారు. నువ్వు ఇది రాయి.

విజయరత్నం,
హెడ్ నర్సు.


రాయగడ,
30 అక్టోబరు 1969.

పెద్దమ్మా,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపేశానో చెప్పను. నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. అన్నీ వరసగా చెబుతాను.

నీ వార్డులో పాత దిండ్ల మధ్య ఉండి వచ్చిన నూట ముప్పై ఆరో దిండు అందిన పదో రోజు ఆయాసం వచ్చింది. తీసేశాను, తగ్గింది. మళ్లీ పెట్టాను, మళ్లీ వచ్చింది. అప్పుడే ప్రొఫెసరు గారు ఒక విదేశీ పత్రిక ఇచ్చారు. పక్కబట్టల దుమ్ములో కంటికి ఆనని చిన్న పురుగు ఉంటుందని, తేమ ఉన్నచోట పెరుగుతుందని, ఉబ్బసానికి అదే కారణమని హాలండు డాక్టర్లు రాశారు. నువ్వు పంపిన పదిహేడో నంబరు దుమ్ము మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆ పురుగులు కుప్పలుగా ఉన్నాయి. ఆ దుమ్ము నానబెట్టి తీసిన రసంతో నా చేతి మీదే పరీక్ష చేసుకుంటే రూపాయంత దద్దురు లేచింది. తప్పు దూదిది కాదు, నీ చేతిది అసలే కాదు. కోరాపుట్ మంచులో పాతబడ్డ దిండు వాటికి మంచి ఇల్లు. అవి పడని ఒంటికే ఆయాసం, మిగతావాళ్లకి ఏమీ కాదు.

జగదాంబతో సహా తొమ్మిదిమంది సంగతి చెబితే ప్రొఫెసరు గారు కొట్టిపారేశారు. ఆయాసం ఉన్నవాళ్లకే దిండు ఇచ్చినప్పుడు, దిండు ఉన్నవాళ్లకి ఆయాసం ఉండటంలో వింతేముంది అన్నారు. ఒకే వార్డులో సగం మందికి దిండు తీసి చూడాలి అన్నారు. అలాంటి వార్డు నాకు తెలిసి ఒక్కటే ఉంది. అక్కడికి వచ్చి, నీ దిండ్లు తియ్యి పెద్దమ్మా అని అడగాలి. నాకు ధైర్యం చాలలేదు. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. నన్ను నేను కాపాడుకున్నాను.

నీ లెక్కల పుస్తకం తీసుకుని నేనే విశాఖపట్నం వెళ్లాను. ప్రొఫెసరు గారు మొత్తం చదివారు. కిటికీ అనుమానం దగ్గర ఆగి వెనక్కి తిప్పి మళ్లీ చదివారు. మంచాలు మార్చి చూడాలన్న ఆలోచన ఎవరిది అని అడిగారు. మా పెద్దమ్మది, నర్సు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, నా విద్యార్థులు పదిమందిలో ఒక్కరికైనా ఈ ఆలోచన వచ్చి ఉండదు అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నా వ్యాసాన్ని పొగిడినా అంత అనిపించదు.

నాలుగో దిండు సంగతి నాకూ జ్ఞాపకమే. అది పెట్టి నువ్వు వెళ్లిపోలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, తగ్గేదాకా అక్కడే కూర్చున్నావు. దిండులో ఏముందో నాకు మైక్రోస్కోపు చెప్పింది. ఆ చెయ్యి లేకపోతే నేను ఏడేళ్లు దాటేదాన్ని కాదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మళ్లీ ఎప్పుడు అమ్మీ అని రాస్తావు?

నీ
దేవకుమారి.


కోరాపుట్,
18 డిసెంబరు 1969.

అమ్మీ,

రాశాను, సరేనా. ఇక ఏడుపు ఆపు.

జూబిలీ అయింది. నువ్వు వెనక బెంచీలో తలదించుకుని కూర్చోవడం, నేను లేచేసరికి తల ఎత్తడం నేను చూశాను. నువ్వు ఆ సాయంత్రమే బస్సు ఎక్కావు గనక తర్వాతి సంగతి నీకు తెలియదు. దేవప్రసాద్ గారు దిండ్ల గురించి అంత చక్కగా మాట్లాడాక, యాభై కొత్త దిండ్లు కుట్టకండి, ఉన్నవి కూడా వెనక్కి తెస్తాను అని నేననేసరికి ఆయన ముఖం పాలిపోయింది కదా. మర్నాడు నన్ను పిలిచి, గొడవెందుకు, వార్డులోవి వెనకాల చడీచప్పుడు లేకుండా తగలబెట్టేద్దాం, బయటవి వాటంతటవే చిరుగుతాయి అన్నారు. మంచి మనిషి, నా పరువు కోసమే అన్నారు. "నానిచ్చింది నలుగుర్లో ఇచ్చేను బాబూ, నలుగుర్లోనే తెచ్చీసుకుంతాను" అన్నాను. చిన్నప్పటి మాట నోట్లోంచి వచ్చేసింది, కోపం వస్తే అంతే కదా నాకు.

నంబర్ల పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరాను. సెలవు రోజుల్లో జోగయ్య బస్సులో. లక్ష్మీపూర్, కాశీపూర్, కొట్పాడ్, రామనగుడ. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట చెప్పాను, ఈ దిండు మంచిదని ఇచ్చాను, కాదని తెలిసింది, తీసుకెళ్తాను. కొందరు తిడతారేమో అనుకున్నాను. తిడితే సులువుగా ఉండేది. ఎవరూ ఇవ్వనంటారు. జగదాంబ దిండు వెనక దాచుకుని గుమ్మంలో నిలబడింది. "మీ సేత్తో ఇచ్చేరు, మీ సేత్తోనే ఎలా పట్టికెల్తారమ్మా" అంది. ఆవిడ ఇంట్లోనే కూర్చుని మూడు రోజులు దిండు లేకుండా పడుకోబెట్టాను. నాలుగో రోజు ఆవిడే తెచ్చి ఒళ్లో పెట్టింది. కొట్పాడ్‌లో నేతవాళ్లు దిండుకి బదులు ఎర్ర అంచు తువ్వాలు ఇచ్చి పంపారు, వద్దన్నా వినలేదు.

ఇప్పటికి నలభై వచ్చాయి. నీ దగ్గరి మూడూ కూడా పంపు. పుస్తకంలో కొట్టెయ్యాలి.

పెద్దమ్మ.


రాయగడ,
4 నవంబరు 1970.

ప్రియమైన పెద్దమ్మకు,

వ్యాసం జనవరిలో విశాఖపట్నం సభలో చదువుతాను. అచ్చు ప్రతి దీనితో పంపుతున్నాను. పేర్లు చూడు. పైన నాది, పక్కనే నీది. నర్సు పేరు రచయితల్లో వెయ్యడం ఆనవాయితీ కాదని, చివర కృతజ్ఞతల్లో వేద్దామని అచ్చువేసేవాళ్లు రాశారు. వార్డు లెక్క ఆవిడది, మంచాలు మార్చింది ఆవిడ, ఆవిడ పేరు కిందికి పోతే నా పేరు కూడా తీసెయ్యండి అని జవాబిచ్చాను. ప్రొఫెసరు గారు దాని కింద సంతకం పెట్టారు.

నువ్వు సభకి రావాలి. కొట్పాడ్ చీర కట్టుకుని మొదటి వరసలో కూర్చోవాలి. ఈసారి ప్లాట్‌ఫారం మీద నేను ఏమీ మరిచిపోను.

నీ
దేవకుమారి.


కోరాపుట్,
2 ఫిబ్రవరి 1971.

అమ్మీ,

క్షేమంగా చేరాను. నువ్వు చదువుతుంటే నాకు సగం ఇంగ్లీషు అర్థం కాలేదు, కానీ నీ ఊపిరి మాత్రం లెక్కపెట్టాను. ఇరవై నిమిషాలు, ఒక్కచోట కూడా ఆగలేదు. పక్కన కూర్చున్న పెద్ద డాక్టరు గారు మీరెవరు అని అడిగితే రెండో పేరు నాది అన్నాను. అలా అనొచ్చో లేదో గానీ అనేశాను. చాలా హాయిగా ఉంది.

అచ్చు కాగితం వార్డు గోడకి అద్దం కట్టించి పెట్టాం. దేవప్రసాద్ గారే మేకు కొట్టారు. ఇప్పుడు పన్నెండు మంచాలకీ వాలుబల్లలే. దిండ్లలో దూది పట్టపగలు ముందు వాకిట్లో అందరూ చూస్తుండగా తగలబెట్టాను. గుడ్డలు మాత్రం పారెయ్యలేదు. మరిగించి వాలుబల్లలకి తొడిగాం. ఎర్రదారం నంబర్లు అలాగే ఉన్నాయి.

లెక్క కూడా పూర్తయింది. నేను మొత్తం కుట్టింది నూట నలభై రెండు. వార్డులోవి ఇరవై నాలుగు, నీవి మూడు, ఊళ్ల నుంచి నూట పద్నాలుగు. నలుగురు చనిపోయారు, వాళ్ల ఇళ్లకీ వెళ్లి తెచ్చాను. నూట నలభై ఒకటి. తక్కువ పడింది ఒకటో నంబరు.

దాన్ని అలా ఎలా వదిలేస్తాను? సభ నుంచి వస్తూ పార్వతీపురంలో దిగాను. నీకు ముందు చెబితే వద్దంటావని చెప్పలేదు. స్టేషను మాస్టరు గోవిందరావు గారిని కలిశాను. రెండున్నరేళ్ల కిందట బెంచీ మీద వదిలేసిన దిండు, మూలన ఎర్రదారంతో ఒకటి అని చెప్పాను. ఆయన నవ్వి పోర్టరు తాతారావుని పిలిచారు. అతను యాభై ఏళ్ల మనిషి, నున్నటి గుండు, గట్టి ఛాతీ. ఎవరూ అడగడానికి రాకపోతే తనకే ఇచ్చారట. ఆ రోజు నుంచి అతని తల కిందే ఉంది.

సంగతంతా చెప్పాను. అతని వీపుకి చెవి ఆన్చి ఊపిరి విన్నాను. మెట్లు ఎక్కించి దించి మళ్లీ విన్నాను. ఒక్క పిల్లికూత కూడా లేదు. దిండు ఇచ్చెయ్యి, బదులు కొత్త దుప్పటి ఇస్తాను అన్నాను. అతను దిండు గుండెకి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకాయాసమేటీ నేదమ్మా. దీని మీద తలెట్టేనంటే మెయిలు బండొచ్చినా మెలకువ రాదు. ఇంత మంచి దిండు ఎవులు కుట్టేరో గానీ, ఆ సెయ్యి సల్లగుండాల."

అమ్మీ, నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. నువ్వు దాన్ని మరిచిపోయిన బెంచీయే అయి ఉంటుంది. పడని ఒంటికే ఆయాసం, మిగతావాళ్లకి ఏమీ కాదు అని నువ్వే రాశావు కదా. ఎండలో వెయ్యమని, దగ్గు వస్తే వెంటనే కార్డు రాయమని, నా చిరునామా రాసిన కాగితం అతని చేతికిచ్చాను. దిండు తీసుకోలేదు.

పుస్తకంలో ఒకటో నంబరు ఎదురుగా కొట్టెయ్యలేదు. తాతారావు, పార్వతీపురం, హాయిగా నిద్రపోతున్నాడు అని రాశాను.

పెద్దమ్మ
విజయరత్నం.